వాన లెక్క ఉన్నదున్నట్టు చెప్పడం ఎలా

"దేశంలో రెండో అత్యల్ప వర్షపాతం గల జిల్లా మాది." ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఈ వాక్యాన్ని ఎన్ని నివేదికల్లో రాశానో నాకే తెలియదు. లెక్కలు రాయడమే జీతంగా బతికినదాన్ని కాబట్టి ఈ మాట ఒప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. అనంతపురం జిల్లాలో, ఎక్కువగా కళ్యాణదుర్గం వైపు మండలాల్లో, వర్షపాతం, పంటల విస్తీర్ణం, దిగుబడులు నమోదు చేసేదాన్ని. ఆ వాక్యం నాకన్నా ముందు పనిచేసినవాళ్ళు రాశారు, వాళ్ళది చూసి నేను రాశాను, నాది చూసి తర్వాతివాళ్ళు రాశారు.

ఒక కరువు సంవత్సరం జిల్లా స్థాయి సమావేశంలో మా మండలం నోట్ చదివాను. మొదటి వాక్యం అదే. శిక్షణలో ఉన్న ఒక కుర్ర అధికారి చెయ్యెత్తాడు. "మాది రాజస్థాన్‌లోని బాడ్‌మేర్, మేడం. మా దగ్గర ఏడాదికి మూడు వందల మిల్లీమీటర్లు కూడా పడవు. మీ దగ్గర ఎంత?" ఐదు వందల యాభై అన్నాను. "జైసల్మేర్ మా పక్కదే, అక్కడ మాకన్నా తక్కువ. లేహ్‌లో వంద చుట్టూ ఉంటుంది. మరి మీది రెండోది ఎలా అయింది?" అతను నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. గదిలో మాత్రం నవ్వులు వినిపించాయి. ఆ నోట్‌లో మిగిలిన అంశాలన్నీ నిజాలే: పశుగ్రాసం అయిపోయింది, వేరుశనగ ఊడలు నేలలోకి దిగి కాయ కట్టే వేళకు వాన ఆగి బెట్ట పట్టింది, వలసలు మొదలయ్యాయి. ఆ తర్వాత ఒక్కదాన్నీ ఎవరూ సరిగా వినలేదు. ఈలోగా టీ వచ్చింది.

ఇప్పుడు ఉద్యోగ విరమణ చేసి ఇంట్లో ఉన్నాను. డిగ్రీ పిల్లలు, సచివాలయాల్లో పనిచేసే కుర్రవాళ్ళు, పొదుపు సంఘాల ఆడవాళ్ళు అప్పుడప్పుడూ వస్తుంటారు. వాతావరణ మార్పు గురించి ఊళ్ళో ఎలా చెప్పాలి, పై అధికారులకు ఎలా రాయాలి అని అడుగుతారు. వాళ్ళకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

గొప్ప వాక్యాన్ని ముందు కొట్టేయండి

మీరు రాసిన కాగితంలో "అత్యంత", "ఎన్నడూ లేని", "చరిత్రలో తొలిసారి" ఉన్నాయేమో చూడండి. వాటిలో నూటికి తొంభై మీరు సరిచూడనివే అయి ఉంటాయి. వాటిని తీసేస్తే విషయం చప్పబడుతుందని భయం వేస్తుంది. నాకూ వేసింది. "రెండో అత్యల్ప" తీసేశాక ఆ స్థానంలో ఏం రాయాలో తోచక రెండు రోజులు కూర్చున్నాను. చివరికి ఇలా రాశాను:

"మాది పడమటి కనుమల వెనుక, వాననీడలో ఉన్న నేల. నైరుతి మేఘం మా దగ్గరికి వచ్చేసరికి తడి సగం వదిలేసి వస్తుంది. ఈశాన్య మేఘం తీరం నుంచి ఇంత దూరం అరుదుగా నడుస్తుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ పడే వానలో సుమారు అరవై శాతం నాలుగు నెలల్లో, అదీ కొద్ది రోజుల్లో పడుతుంది. ఎర్రనేల లోతు తక్కువ, తడిని పది పదిహేను రోజులకు మించి పట్టి ఉంచలేదు. ఈ నేలలో ఒకప్పుడు ఎనిమిది లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగే వేశాం."

ఇందులో ఎవరితోనూ పోటీ లేదు. బాడ్‌మేర్‌లో వాన ఇంకా తక్కువ కావచ్చు. కానీ అక్కడివాళ్ళు సజ్జ, గోరుచిక్కుడు వేసుకుంటారు. వాన పడిన నేల, వేసిన పంట, పడిన వేళ మూడూ కలిస్తేనే మన కష్టం అర్థమవుతుంది. మిల్లీమీటర్ల పందెంలో అది కనిపించదు.

మూడు రంగుల పుస్తకం

నా దగ్గర ఇప్పటికీ ఒక పొడుగు పుస్తకం ఉంది. కొలిచినదాన్ని నీలం సిరాతో రాస్తాను. ఇతరులు కొలిచి ప్రకటించిన లెక్క, శాస్త్రజ్ఞులు తేల్చినది ఎర్ర సిరాతో రాస్తాను. నా ఊహను పెన్సిల్‌తో రాస్తాను. ఎవరికి ఏ కాగితం రాసినా ముందు ఈ పుస్తకంలో రాసుకుని, తర్వాత ఎత్తి రాస్తాను. కాగితంలో రంగులు ఉండవు కాబట్టి మాటల్లో పెడతాను: "మేము కొలిచాం", "ఫలానా నివేదిక చెబుతోంది", "మేము అనుకుంటున్నాం". ఈ మూడు మాటలూ తెలుగులో ఎప్పటి నుంచో ఉన్నాయి. మూడింటినీ కలిపి "అని తేలింది" అనేయడం మన కార్యాలయాల అలవాటు.

నీలం సిరా ఎక్కువ ఉండాలంటే కొలవాలి. ఊరికి ఒక వర్షమాపకం పెట్టించుకోండి, ఖరీదైనది అక్కర్లేదు. వేపచెట్టు కింద, గోడ పక్కన పెట్టకండి. నాలుగు వైపులా ఆకాశం కనిపించే చోట పెట్టండి. ఉదయం ఎనిమిదిన్నరకు చదవండి, వాతావరణ శాఖ లెక్క కూడా అదే వేళకు ఉంటుంది. 2.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితేనే వానరోజు. వాన పడని రోజున సున్నా రాయడం మరచిపోకండి. ఖాళీ వదిలితే అది వాన లేని రోజో, మీరు పెళ్ళికి పోయిన రోజో తర్వాత ఎవరికీ తెలియదు. నా పుస్తకంలో ఒక ఆగస్టులో వరుసగా నాలుగు ఖాళీలు ఉన్నాయి. మా అత్తగారికి ఒంట్లో బాగోలేని రోజులవి. ఆ నాలుగు రోజుల్లో వాన పడిందో లేదో ఈనాటికీ చెప్పలేను.

ఊరి వర్షమాపకం ఎందుకంటే, మండల కేంద్రంలో ఉన్నది మండలమంతటికీ సాక్ష్యం చెప్పలేదు. మా వైపు వాన రోడ్డుకు ఇవతల కురిసి అవతల కురవదు. మండల కేంద్రంలో నలభై పడిన రోజు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో దుమ్ము లేచిన సందర్భాలు నేనే చూశాను.

ఇక తాడు సంగతి. పంట కోత ప్రయోగమంటే తెలుసు కదా? యాదృచ్ఛిక సంఖ్యలను బట్టి చేనులో ఒక మూల నుంచి అన్ని అడుగులు పొడవుకు, ఇన్ని అడుగులు వెడల్పుకు నడిచి, ఆగినచోట ఐదు మీటర్లకు ఐదు మీటర్లు తాడు పట్టి, అందులో కాయ పీకి తూస్తాం. ఆ ఇరవై ఐదు చదరపు మీటర్లలో వచ్చిన తూకమే ఊరి దిగుబడి లెక్కకు ఆధారం. నేను అడుగులు వేస్తుంటే రైతులు "మేడం, కొంచెం ఇటు రండి, ఇక్కడ చూడండి" అని ఎండిన వైపు లాగేవాళ్ళు. నష్టం తక్కువగా తేలాలనుకునేవాళ్ళు గుంట వైపు, పచ్చగా ఉన్న చోటికి లాగేవాళ్ళు. రైతుల వైపు జరగాలని నా మనసు ఎన్నిసార్లు లాగిందో చెప్పలేను. వాళ్ళ ఇళ్ళలో మజ్జిగ తాగినదాన్ని. ఒకసారి రెండు అడుగులు జరిగాను కూడా. తర్వాత తనిఖీకి వచ్చినవాళ్ళు సంఖ్యలు చూసి మళ్ళీ నడిచి, తాడు మరోచోట పట్టారు. దాంతో ఆ ఊరి నాలుగు ప్రయోగాలూ అనుమానంలో పడ్డాయి. నేను జరిపింది రెండు అడుగులే. వాతావరణం గురించి మాట్లాడేవాళ్ళందరి చేతిలోనూ ఇలాంటి తాడు ఒకటి ఉంటుంది. అన్నిటికన్నా ఎండిన చెరువు ఫొటో ఎంచుకోవడం, లెక్కను అన్నిటికన్నా తడిసిన ఏడాదితో మొదలుపెట్టడం, ఇవన్నీ ఆ రెండు అడుగులే.

మిల్లీమీటరును బిందెల్లోకి మార్చండి

ఊళ్ళో "యాభై ఐదు మిల్లీమీటర్ల లోటు" అంటే ఎవరికీ ఏమీ వినిపించదు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. ఎకరా అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. కాబట్టి ఎకరానికి ఒక మిల్లీమీటరు అంటే నాలుగు వేల లీటర్లు. ఇరవై ఐదు మిల్లీమీటర్ల మంచి పదును వాన పడిందంటే ఎకరాకు లక్ష లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఇరవై. చీనీ (బత్తాయి) తోటను బతికించుకోవడానికి ట్యాంకర్లకు డబ్బు పోసినవాళ్ళు మా జిల్లాలో ఊరికి పదిమంది ఉంటారు. వాళ్ళకు ఈ లెక్క చెబితే తల పైకెత్తి మేఘం వైపు చూస్తారు.

ఇదే లెక్కను అధికారి దగ్గరికి తీసుకుపోకండి. ఆయనకు కావలసింది వేరు: ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు వాన లేదు, అప్పుడు పంట ఏ దశలో ఉంది, ఎన్ని ఎకరాలు. సరాసరి వెనుక దాక్కున్న బెట్టను బయటికి తీయడమే మీ పని. లెక్క కోసం ఇలా అనుకుందాం. ఒక మండలంలో జూన్ నుంచి సెప్టెంబరు వరకు సాధారణ వర్షపాతం 300. ఈ ఏడాది జూన్‌లో 40, జులైలో 90, ఆగస్టులో 15, సెప్టెంబరు చివరి వారంలో 125 పడింది. మొత్తం 270. లోటు పది శాతమే. వాతావరణ శాఖ లెక్కలో పంతొమ్మిది శాతం లోటు వరకు "సాధారణం" కిందికే వస్తుంది. కాగితం మీద మండలం పచ్చగా ఉంటుంది. చేనులో చూస్తే, జులై మొదట్లో వేసిన వేరుశనగకు ఊడలు దిగి కాయ ఊరే రోజులన్నీ ఎండలోనే గడిచాయి. సెప్టెంబరు చివరి వాన పశువులు మేసే కట్టెకు తప్ప కాయకు పనికిరాలేదు.

మన పెద్దవాళ్ళు దీన్ని ఏనాడో చెప్పారు: "మఖా పుబ్బా వరుపైతే మహా కరువు." వరుపంటే వాన లేకపోవడం. మఖ కార్తె ఆగస్టు మధ్యలో వస్తుంది, పుబ్బ కార్తె సెప్టెంబరు మధ్యకు పోతుంది. మొత్తం వాన ఎంతన్నది ఆ సామెతలో లేనే లేదు, ఎప్పుడు పడలేదన్నదే ఉంది. ఒక నోట్‌లో ఈ సామెతను మొదటి వాక్యంగా పెట్టి, కిందనే ఆ రెండు కార్తెల రోజువారీ వాన సున్నాలతో సహా ఇచ్చాను. నా ఉద్యోగంలో పై అధికారి ఫోన్ చేసి మరీ మెచ్చుకున్న నోట్ అదొక్కటే.

కరువు కొత్తది కాదని ముందే ఒప్పుకోండి

వాతావరణ మార్పు గురించి ఊళ్ళో మొదటిసారి మాట్లాడినప్పుడు భూమి వేడెక్కడం వల్ల మన బోర్లు ఎండిపోతున్నాయని మొదలుపెట్టాను. అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన తలపాగా తీసి ముఖం తుడుచుకుని అన్నాడు: "పైన సూర్యుడి మాట తర్వాత చూద్దాం మేడం. కింద ఎన్ని మోటార్లు ఉన్నాయో లెక్కపెట్టారా?"

లెక్కపెట్టలేదు. మర్నాడు లెక్కపెట్టాను. ఆ ఊళ్ళో పనిచేసే బోర్ల కన్నా ఎండిపోయిన బోర్లే ఎక్కువ. బోరుకు బోరుకు మధ్య దూరం ఉండాలని నీరు, నేల, చెట్ల రక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టం చెబుతోంది. అదెక్కడా కనిపించలేదు. భూగర్భ జలం పడిపోవడానికి మనం తోడిన తోడకం ముందు కారణం. వేడి పెరిగితే నేల తడి త్వరగా ఆరుతుంది, పంట ఎక్కువ నీరు అడుగుతుంది, దాంతో ఇంకా తోడతాం. రెండూ నిజమే. మొదటిదాన్ని దాచి రెండోదాన్ని చెబితే అరుగు మీద ఉన్న పెద్దాయనకు తెలిసిపోతుంది, ఆపైన మీరు ఏం చెప్పినా నమ్మడు.

కరువు విషయంలోనూ అంతే. 1876-78 నాటి ధాత కరువు పేరు మా నాయనమ్మ నోట విన్నాను, ఆమె వాళ్ళ అమ్మ నోట విన్నదట. 1952లో రాయలసీమలో గంజి కేంద్రాలు పెట్టారు. "వాతావరణ మార్పు వల్లే కరువు వచ్చింది" అంటే ఈ నేలకు జ్ఞాపకశక్తి లేదనుకున్నట్టే. ఇలా చెప్పండి: కరువు మనకు పాతదే. ఆ పాత కరువు మీద కొత్తగా వేడి వచ్చి కూర్చుంటోంది. 1901 నుంచి 2018 వరకు దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో ప్రచురించిన అంచనా చెబుతోంది. ప్రపంచం మొత్తం మీద పారిశ్రామిక యుగానికి ముందుతో పోలిస్తే 2011-20 దశాబ్దం 1.1 డిగ్రీలు వేడిగా ఉందని, దానికి మనుషులే కారణమన్నది నిస్సందేహమని వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రజ్ఞుల సంఘం ఐపీసీసీ 2021లో రాసింది. ఇవి ఎర్ర సిరా. దేశం లెక్కను తెచ్చి మీ మండలానికి అంటించకండి. ఒక చోటి వాతావరణం మారిందనాలంటే కనీసం ముప్పై ఏళ్ళ రికార్డు పక్కన పెట్టుకోవాలి. "మా చిన్నప్పుడు వానలు బాగా పడేవి" అన్నది పెన్సిల్ మాట. చిన్నప్పుడు మనం వానలో ఆడుకున్న రోజులే గుర్తుంటాయి.

వరదల గురించి మాట్లాడేటప్పుడు ఇంకా జాగ్రత్త పడాలి. 2009లో దేశంలో నైరుతి రుతుపవనాలు ఐదో వంతుకు పైగా లోటు. ఆ ఏడాదే అక్టోబరు 2న కర్నూలు నగరం మునిగింది. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ తడిని మోయగలదు. అందుకే వేడెక్కిన లోకంలో కుంభవృష్టులు పెరుగుతాయని శాస్త్రం చెబుతుంది. అంతవరకు గట్టిగా చెప్పవచ్చు. "చెయ్యేరు వరద వాతావరణ మార్పు వల్లే" అనడానికి ఆ ఒక్క వాన మీద విడిగా అధ్యయనం కావాలి. అది చేతిలో లేకుండా అలా అంటే, కట్ట గురించి, గేట్ల గురించి, హెచ్చరికల గురించి జవాబు చెప్పవలసినవాళ్ళు మీ మాట వెనుక దాక్కుంటారు. గడ్డివామి ఎండి ఉందన్నది ఒక సంగతి, నిప్పు ఎవరు వదిలారన్నది మరో సంగతి. ఊరివాళ్ళు రెండూ అడుగుతారు, అడగాలి కూడా.

"కావచ్చు" ఎంత కావచ్చు?

తెలుగులో "బహుశా" అన్న మాట చాలా సోమరిది. పదింట ఒకటికీ అదే, పదింట తొమ్మిదికీ అదే. ఐపీసీసీ రాతల్లో ఒక్కో మాటకు ఒక్కో అంకె ఉంటుంది: జరిగే అవకాశం ఉందంటే నూటికి అరవై ఆరు పైన, చాలా ఎక్కువ అవకాశం ఉందంటే తొంభై పైన. అనువాదంలో రెండూ "బహుశా" అయిపోతాయి. అందుకే మాట వదిలి అంకె చెప్పండి, "పదింట తొమ్మిది సార్లు" అనండి.

రైతుకు అనిశ్చితి అర్థం కాదని, గట్టిగా చెప్పకపోతే వినడని పట్నంలో ఒక అపోహ ఉంది. విత్తనం కాయలు కొని, పదును చూసి నేలలో వేసేవాడికన్నా పందెం తెలిసినవాడు ఎవరు? అతనికి కావలసింది పందెం ఎంతదన్న నిజం.

ఎల్నినో మంచి ఉదాహరణ. పసిఫిక్ సముద్రం నీరు మామూలు కన్నా వేడెక్కడాన్ని అలా అంటారు. 2002, 2009, 2015, 2023లో ఎల్నినో ఉంది, వానలు దెబ్బతిన్నాయి. 1997లో పెద్ద ఎల్నినో వచ్చింది, దేశంలో నైరుతి వాన సాధారణంగానే పడింది. "ఎల్నినో వచ్చింది, ఈ ఏడు కరువే" అని చాటింపు వేసి, ఆ ఏడు 1997లా తేలితే మరుసటిసారి మిమ్మల్ని పంచాంగం చెప్పేవాళ్ళ పక్కన కూర్చోబెడతారు. కరువు అవకాశం పెరిగిందని చెప్పి, 1997 ముక్క కూడా మీరే చెప్పండి.

పిట్టల గురించి, గడ్డి గురించి

ప్రకృతి నష్టం గురించి మాట్లాడేవాళ్ళు అన్నిటినీ వాతావరణ మార్పు ఖాతాలో వేస్తారు. కర్నూలు వైపు రోళ్ళపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. ఇటీవలి ఏళ్ళలో ఆ పిట్ట అక్కడ కనిపించడం లేదు. చుట్టూ ఉన్న గడ్డినేలలు సాగులోకి వచ్చాయి, కాలువ నీటితో పంటల తీరు మారింది. ఇది నేలను వాడుకున్న తీరు కథ. ఇందులోకి వేడిని తేవలసిన అవసరం లేదు.

"కనిపించడం లేదు" అన్నాను, "లేదు" అనలేదు. దానికి కారణం కడప జిల్లా కలివి కోడి. 1900 తర్వాత అది శాస్త్రజ్ఞుల కంట పడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం ప్రాంతపు చిట్టడవిలో మళ్ళీ దొరికింది, అదీ స్థానిక వేటగాడి సాయంతో. ఎనభై ఆరేళ్ళ పాటు పుస్తకాలకు తెలియని పిట్ట ఆ వేటగాడికి తెలుసు. అందుకే ఏదైనా పోయిందని రాసే ముందు గొర్రెల కాపరులను, కట్టెలకు పోయే ఆడవాళ్ళను అడగండి. వాళ్ళు చెప్పింది ఎవరు, ఎప్పుడు, ఎక్కడ చూశారన్న వివరంతో విడిగా రాసుకోండి.

పరిష్కారాల ఖర్చు కూడా దాచకండి. సౌర విద్యుత్తు కావాలి, బొగ్గు తగ్గాలి, నాకు అందులో సందేహం లేదు. కానీ పలకలు పరచిన చోట గొర్రెలు మేసే నేల తగ్గుతుంది, తీగలు లాగిన చోట బట్టమేక లాంటి బరువైన పిట్టలు తగులుకుని చస్తాయి. "దీనివల్ల ఎవరికీ నష్టం లేదు" అని గ్రామసభలో చెప్పిన మరుక్షణం వెనుక వరసలో ఉన్న గొర్రెల కాపరి లేచి వెళ్ళిపోతాడు.

అర్జీ ఒక పేజీ

అధికారి సోమవారం గ్రీవెన్సులో మీ కాగితం మీద పెట్టే సమయం రెండు నిమిషాలు ఉండదు. మొదటి మూడు వాక్యాల్లో ఏం జరిగింది, ఏం కావాలి, ఎప్పటిలోగా అన్నవి ఉండాలి. ధ్రువపు మంచు కరగడంతో మొదలైన అర్జీలు నేను చాలా చూశాను. ఆ మంచు దగ్గర నుంచి మన చెరువు దాకా వచ్చేసరికి పేజీ అయిపోతుంది.

ఆయన చేతిలో లేనిది ఆయనను అడగకండి. కరువు మండలాల ప్రకటన రాష్ట్ర ప్రభుత్వం చేస్తుంది, జిల్లా నుంచి నివేదిక మాత్రమే పోతుంది. కాబట్టి కలెక్టరును ప్రకటించమని అడగకుండా, నివేదికలో మీ ఊరి బెట్ట రోజులు చేర్చమని అడగండి. ఎంపీడీవో కర్బన ఉద్గారాలు తగ్గించలేడు. ఉపాధి హామీలో నీటికుంటల పనులు ముందుకు జరపగలడు. శాసనసభ్యుడైతే వాల్టా అమలు గురించి ప్రశ్న వేయగలడు.

వేళ కూడా ముఖ్యం. మఖ కార్తెలో వాన లేకపోతే మఖలోనే రాయండి. సంక్రాంతికి రాసిన అర్జీ చరిత్ర పాఠం అవుతుంది.

జనం దగ్గర వేళ ఇంకా ముఖ్యం. పగలు పదింటికి సభ పెడితే పని లేనివాళ్ళే వస్తారు. పాలు పితికాక, ఆడవాళ్ళ వంట అయ్యాక పెట్టండి. పెద్ద స్క్రీన్, మంచు ఎలుగుబంటి బొమ్మలు వద్దు. ఇద్దరు రైతుల చేలు చూపించండి: తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి బాగా నిలబడిన చేను ఒకటి, అదే పని చేసినా మొలక రానిది ఒకటి. రెండోది చూపించడానికి చాలామంది ఒప్పుకోరు. నీటికుంట ఫొటో అక్టోబరులో తీస్తారు, నిండుగా ఉంటుంది. అదే కుంటను ఏప్రిల్‌లో కూడా తీయండి. రెండు ఫొటోలూ పక్కపక్కన పెడితే, ఎండిన కుంట దగ్గర జనం అడిగే ప్రశ్నలు చాలా బాగుంటాయి: ఎన్నాళ్ళు నిలిచింది, ఒక తడికి సరిపోయిందా, అడుగున ఏం పరిచారు. నిండు కుంట దగ్గర చప్పట్లు కొట్టి వెళ్ళిపోతారు.

పిల్లలను భయపెట్టకండి. బడిలో ఒకసారి నేను లోకం మునిగిపోతుందన్నట్టు మాట్లాడితే ఒక అమ్మాయి ఏడ్చింది. మరుసటి వారం వర్షమాపకం తీసుకెళ్ళి ఆమె చేతికిచ్చాను. ఆ బడిలో రెండేళ్ళు లెక్క రాసింది, ఒక్క ఖాళీ లేదు.

తప్పు రాస్తే

రాస్తారు. నేను పంచాయతీ బోర్డు మీద ఒకసారి వాన 16 మిల్లీమీటర్ల బదులు 61 అని రాశాను. ఊరంతా పదును అయిందనుకుంది. ఇద్దరు విత్తనం కూడా వేశారు. మర్నాడు చెరిపేసి సరైన అంకె రాసి ఊరుకోవచ్చు, ఎవరూ అడగరు. నేను 61 మీద గీత కొట్టి, కనిపించేలాగే ఉంచి, పక్కన 16 రాసి, "నిన్న తప్పు రాశాను" అని నా పేరు పెట్టాను. విత్తనం వేసిన ఇద్దరి ఇళ్ళకూ వెళ్ళాను. ఒకాయన తిట్టాడు, తిట్టాల్సిందే. నీళ్ళు కూడా ఇవ్వలేదు.

మోటార్ల లెక్క అడిగిన పెద్దాయన ఆ బోర్డు దగ్గర నిలబడి గీత కొట్టిన అంకెను చాలాసేపు చూశాడు. ఆ తర్వాతి ఏడు జూన్‌లో మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని, ఈసారి ఆరుద్ర కార్తెలో వాన ఉంటుందా అని అడిగాడు. ఉండేలా ఉంది పెద్దాయనా అన్నాను.

"ఇది నీలమా, పెన్సిలా?"

"పెన్సిలే."

"అయితే విత్తనం కాయలు ఇంకో వారం మూటలోనే ఉండనీ" అని చెప్పులు వేసుకున్నాడు.